కొత్త గుడి, పాత కొట్టం

మా గుడి కట్టేదానికి ఆరేండ్లు పట్టింది. కొండ నుంచి రాళ్లు తెచ్చిందీ, పునాది తవ్విందీ, సున్నం కలిపిందీ అంతా మా పల్లెవాళ్లే. ఆదివారం ఆరాధన ముగిసినాక ఆడామగా వరసగా నిలబడి, రాయిని చేతులు మారుస్తా గోడ దాకా చేర్చేవాళ్లు. వారమంతా వేరేవాళ్ల చేలల్లో వంగిన నడుములు ఆ ఒక్క పూట తమ పని కోసం వంగేవి. డెబ్బైల నడుమ పైకప్పుకు పెంకులు పడి, తలుపులకు రంగు వేసి, బీగం బిగించిన రోజు ఆ బీగంచెవి నా చేతిలో పెట్టినారు. నేను మా క్రైస్తవ సంఘానికి కార్యదర్శిని. పల్లె బడికి అయివారిని కూడా. అప్పటికి నాకు ముప్పై నాలుగేండ్లు.

మా పల్లె పూతలపట్టుకు రెండు మైళ్ల దూరంలో, తిరపతికి పోయే రోడ్డు పక్కనే ఉంటుంది. రోడ్డు దిగితే మొదట గుడి, దాని వెనక బడి కొట్టం, ఆ తర్వాత ఇండ్లు. కొత్త గుడి లేవక ముందు ఆ కొట్టమే మాకు గుడీ, బడీ. మట్టిగోడలు, బోదగడ్డి కప్పు. మా నాయనవాళ్లు పడుచువాళ్లుగా ఉన్నప్పుడు కట్టుకున్నది. నేను అక్షరాలు దిద్దిందీ అందులోనే, మోకాళ్లూని మొదటి ప్రార్థన చేసిందీ అందులోనే.

పాస్టరు గారు ఏడు పల్లెలు చూసుకునేవారు. నెలకొక్క ఆదివారం మా దగ్గరికి వచ్చేవారు. మిగిలిన ఆదివారాలు వాక్యం చెప్పేది నేనే. గుడి ప్రతిష్ఠకు బిషప్పు గారు వస్తున్నారని, అరవ లెక్కన పెరటాసి నెలలో ఫలానా ఆదివారమని కబురు అందినప్పటి నుంచి నేను ఒకటే విషయం మీద చెబుతా వచ్చినాను. యజమాని ఏ ఘడియలో వస్తాడో ఇంటి పనివాళ్లకు తెలీదు, వచ్చేటప్పటికి ఇల్లు సిద్ధంగా ఉండాల, మనుషులు మెలకువగా ఉండాల అని. చెప్పేటప్పుడు నా గొంతు నాకే బాగుండేది. ఆ మాటను తీసుకపోయి సున్నానికీ, చాపలకీ, రంగు కాయితాల తోరణాలకీ తగిలించేవాణ్ని. సిద్ధపడటమంటే మురికి లేకుండా చేసుకోవడమని నేను అనుకున్నాను. విన్నవాళ్లు కూడా అట్లే అనుకుని, గుడి లోపల మూడు పూతల సున్నం కొట్టినారు.

ఇంకొక సంగతి ఈడనే చెప్పేయాల. తర్వాత చెబుతానంటే దాటేస్తానేమోనని నా మీద నాకే భయం. ఆ ఏడు ఆడి నెల వానలకు, ప్రతిష్ఠకు రెండు నెలల ముందు, కొట్టం దక్షిణపు గోడ బీటిచ్చింది. పైనుంచి కింద దాకా, చెయ్యి దూరేంత. ఒకరోజు పొద్దున బడి తెరిస్తే అందులోంచి వెలుతురు గీతలాగ నేల మీద పడి ఉండింది. గోడ తీసి మళ్లీ పెట్టాలంటే పదిమంది నాలుగు రోజులు పని చేయాల. అందరూ గుడి పనిలో ఉన్నారు. ఈ మాట ఎత్తితే గుడి పని ఆగుతుంది. పైగా బడి చూసేదానికి ఇన్స్పెక్టరు వచ్చే కాలం. నేను ఏం చేసినానంటే, చెక్కపెట్టె మీద చుట్టి పెట్టిన ఇండియా పటం తెచ్చి ఆ బీట మీద తగిలించినాను. పిల్లోల్ని ఉత్తరపు గోడ వైపు జరిపి కూర్చోబెట్టినాను. ఇన్స్పెక్టరు వచ్చినాడు, పటం బాగుండాదని అన్నాడు, పోయినాడు. ప్రతిష్ఠ కాగానే గోడ సంగతి చూద్దామనుకున్నాను. ఎవరికీ చెప్పలేదు. ఇంట్లో నా భార్యకు కూడా చెప్పలేదు.

ప్రతిష్ఠ ఆదివారం. అంతకుముందు శుక్రవారం మధ్యాహ్నం పిల్లోల్ని తొందరగా పంపించేసి గుడిలోకి పోయినాను. పెద్దజంబుకానా ఒకటి పరిచి ఉండింది, ఎర్రగీతలది. దాని ముడతలు సరిచేసినాను. బల్ల మీద తెల్లగుడ్డ మూలలు సమంగా వేలాడుతున్నాయా అని దూరం నుంచి ఒకసారి, దగ్గర నుంచి ఒకసారి చూసుకున్నాను. అంతలో పొద్దు గూకినట్టుగా చీకటైపోయి వాన మొదలైంది. అది మామూలు వాన కాదు. కిటికీ తలుపులు మూసుకుంటా పోయేలోపల నా వీపు తడిసిపోయింది. పెంకుల నుంచి ఎక్కడన్నా నీళ్లు కారుతున్నాయేమోనని చాలాసేపు తలెత్తి చూసినాను. చుక్క కారలేదు. దేవునికి స్తోత్రం చెప్పుకుని, బయటికి వచ్చి బీగం వేసి, బీగంచెవి చొక్కా జేబులో వేసుకున్నాను.

అప్పుడు రోడ్డు మీద నుంచి దిగొస్తా కనిపించినారు వాళ్లు. పెరటాసి నెలలో అరవదేశం నుంచి తిరపతికి నడిచిపోయేవాళ్లు మా రోడ్డున రోజూ కనబడతారు. పసుపు గుడ్డలు కట్టుకుని, గోవిందా అనుకుంటా, గుంపులు గుంపులుగా పోతారు. వీళ్లు ఒక ఇరవై మంది ఉంటారు. ఆడవాళ్లే ఎక్కువ. పసుపు నీళ్లు వాళ్ల కాళ్ల మీదుగా కారుతున్నాయి. గుడి ముందర వసారా లాంటిది ఏమీ లేదు, అది తర్వాత కట్టుకుందామని వదిలేసినాం. గోడకు అతుక్కుని నిలబడినారు గానీ వాన ఏటవాలుగా కొడతావుంటే ఏం లాభం లేదు.

అందరికంటే ముసిలామె ఒకామె నా దగ్గరికి వచ్చింది. అరవై దాటి ఉంటుంది. సన్నంగా, పొడుగ్గా ఉంది, చెవి తమ్మెలు జారి ఉన్నాయి. గుడియాత్తం దగ్గర ఒక పల్లె వాళ్లమని, ముందర వంక పొంగి పారుతోందని, బస్సులు కూడా నిలిచిపోయినాయని చెప్పింది. వాళ్లది తెలుగే, కాకపోతే అరవం కలిసిన తెలుగు.

"వాన నిలిచేదాకా లోపల కొంచెం ఉక్కారుకుంటాము సామీ," అనింది. "కాళ్లు కడుక్కునే వస్తాము."

నేను ఆమె కాళ్ల వైపు చూసినాను. తర్వాత నా వెనకనున్న తలుపు వైపు చూసినాను. మూడు పూతల సున్నం, ఎర్రగీతల జంబుకానా, మూలలు సమంగా వేలాడే తెల్లగుడ్డ.

"బీగంచెవి నా దగ్గర లేదమ్మా," అన్నాను. "పాస్టరు గారి దగ్గర ఉండాది. ఆయన చిత్తూర్లో ఉంటారు."

ఆమె నా ముఖంలోకి, నా చొక్కా వైపు చూసింది. నేనే మళ్లీ అన్నాను, "వెనకాల బడి కొట్టం ఉండాది. ఆడికి పోండి. తలుపు తీసే ఉండాది."

వాళ్లు దండం పెట్టి పోయినారు. తలుపు తీసే ఉండాదని చెప్పేటప్పుడు నేను ఏదో మంచి పని చేసినట్టే అనిపించింది నాకు.

బీగంచెవి లేదన్న ఆ మాట గురించి నేను చాలా ఏండ్లు ఆలోచించినాను. నాకు తొమ్మిదేండ్లప్పుడు మా నాయన వెంట చిత్తూరు సంత నుంచి వస్తావుంటే ఇట్లాంటి వానే పట్టుకుంది. దారిలో ఒక ఊరి రచ్చమండపం ఎక్కబోతే అందులో ఉన్నాయన మీరు ఎవరని అడిగినాడు. మా నాయన చెప్పినాడు. దిగమన్నారు. మండపం పక్కనే, వాన్లో, మా నాయన తన కండవ నా తల మీద కప్పి నిలబడినాడు. వాళ్లు మమ్మల్ని నిలబెట్టినారు గదా, వాళ్ల దేవుని దగ్గరికి పోయేవాళ్లను నేను నిలబెడితే తప్పేముందని నాకు నేను చాలాసార్లు చెప్పుకున్నాను. అయితే నిజం చెప్పాల. ఆ తలుపు ముందర నిలబడినప్పుడు ఆ సంగతి నాకు గుర్తు రాలేదు. ఆ సాకు నాకు తర్వాత దొరికింది. అప్పుడు నా మనసులో ఉండింది జంబుకానా ఒక్కటే.

ఇంటికి పోయి తల తుడుచుకుంటావుంటే నా భార్య కాఫీ ఇచ్చి, రోడ్డు మీద ఎవరో గుంపుగా పోయినారే, ఎవరని అడిగింది. చెప్పినాను. గుడి తీసి కూర్చోబెట్టి ఉండొచ్చు గదా అనింది. రెండు రోజుల్లో బిషప్పు గారు వస్తావుంటే బురదకాళ్లతో ఎట్లా రానిస్తామన్నాను. ఆమె నా జేబు వైపు చూసింది. మా పాప, రెండో తరగతి చదివేది, గడప దగ్గర కూర్చుని చూరు నీళ్లలో కాగితం పడవలు వదులుతా ఉండింది.

ఇంకొక అరగంట అయి ఉంటుంది. వాన కొంచెం తగ్గింది. చెట్టు కూలినట్టు ఒక చప్పుడు వచ్చింది, దాని వెనకే ఆడవాళ్ల కేకలు. నాకు వెంటనే తెలిసిపోయింది. నా కంటే ముందు నా భార్య పరిగెత్తింది. పల్లెలో అందరూ పరిగెత్తినారు.

దక్షిణపు గోడ లోపలికి పడింది. పటం ఎక్కడుండాదో కూడా తెలీలేదు. ఆ గోడ పక్కన తడి తక్కువగా ఉందని ఐదారు మంది దానికి ఆనుకునే కూర్చున్నారంట. మట్టిగోడ కాబట్టి, నాని ముద్దలు ముద్దలుగా పడింది కాబట్టి, చాలామంది దెబ్బలతో బయటపడినారు. ఆ ముసిలామె ఒక్కతే కదల్లేకపోయింది. గోడతోపాటు పైనుంచి దూలం జారి మోకాలి కింద ఆమె కాలి మీద పడింది. మావాళ్లు నలుగురు దూలం లేపినారు, నా భార్య ఆమె చంకల కింద చేతులు వేసి లాగింది. నేను కూడా మట్టి తీసినాను. చేతులతో, గోళ్లు విరిగేటట్టుగా తీసినాను. ఆ పని చేస్తా ఉంటే నన్ను చూసినవాళ్లు నన్ను మంచివాడు అనుకునే ఉంటారు.

కొట్టం కప్పు మొత్తం వంగిపోతా ఉండింది. మనుషుల్ని ఎక్కడికన్నా తీసుకపోవాల. నా భార్య నా ముందరికి వచ్చి చెయ్యి చాచింది.

"బీగంచెవి ఇయ్యండి," అనింది.

చుట్టూ మావాళ్లు ఉన్నారు, ఆ పసుపు గుడ్డలవాళ్లు ఉన్నారు. జేబులోంచి తీసి ఇచ్చినాను. ఆ గుంపులో ఎవరన్నా ఏమన్నా అంటారేమోనని చూసినాను. ఎవరికీ అప్పుడు నా సంగతి పట్టలేదు.

ముసిలామెను జంబుకానా మీద, బల్లకు ఎదురుగా పడుకోబెట్టినారు. ఆమె నొప్పికి అరవలేదు, పండ్లు బిగబట్టి పైన తోరణాలను చూస్తా ఉండింది. బల్ల మీద తెల్లగుడ్డ తీసి నా భార్య చింపింది. ఆ గుడ్డతోనే కాలికి కట్టు కట్టింది. రోడ్డు మీద నిలిచిపోయిన బెల్లం లారీ ఒకటి ఉంటే దాని డ్రైవరు, ముందర వంక ఉన్నా వెనక్కి చిత్తూరుకు దారి ఉందని చెప్పి, బండి తిప్పుకుని వచ్చినాడు. పొద్దు గూకక ముందే ఆమెను, ఆమె కొడుకును ఎక్కించి పంపించినారు. బెల్లం మూటల మీద గోతం పరిచి పడుకోబెట్టినారు.

మిగిలినవాళ్లు ఆ రాత్రి గుడిలోనే పండుకున్నారు. పల్లెలో ఏ ఇంట్లో ఎంత సంగటి ఉంటే అంత తెచ్చి పెట్టినారు. తెల్లవారినాక వాళ్లు లేచి, గుడి ఊడ్చి, బయటికి పోయి రోడ్డు ఎక్కినాకనే గోవిందా అన్నారు. మా గుడి లోపల అంటే మేము ఏమన్నా అనుకుంటామని అంత దూరం నడిచిపోయి అన్నారు. ఆ కేక గుడి ముందర నిలబడి విన్నాను నేను.

ఆదివారం బిషప్పు గారు వచ్చినారు. జంబుకానా ఉతికినా ముసిలామె నెత్తురు మరక పోలేదు. గోడల మీద అక్కడక్కడా ఎర్రమట్టి చేతుల గుర్తులు. బల్ల మీద మా ఇంటి దుప్పటి పరిచినాం. ఏం జరిగిందో పాస్టరు గారు దారిలోనే ఆయనకు చెప్పినట్టున్నారు. పాస్టరు గారికి చెప్పిందెవరో తెలీదు. వాళ్లు విన్నది ఏమంటే, వాన్లో చిక్కుకున్న బాటసారులకు కార్యదర్శి కొత్త గుడి తలుపులు తెరిచినాడు, వేరే మతంవాళ్లని కూడా చూడకుండా లోపల పండుకోబెట్టినాడు అని. ప్రసంగంలో బిషప్పు గారు గోడ మీద ఒక చెయ్యి గుర్తు చూపించి, ఇంతకంటే మంచి ప్రతిష్ఠ ఈ గుడికి నేను చేయలేనన్నారు. ప్రభువు ఏ రూపంలో వస్తాడో తెలీని రోజున సిద్ధంగా ఉన్నవాడు ఈ అయివారు అని నన్ను లేచి నిలబడమన్నారు.

నేను లేచి నిలబడినాను. ఇప్పుడు రాస్తావుంటే కూడా ఆ నిలబడటం నాకు కాళ్లలో తెలుస్తాది. ఒక్క మాట చెబితే సరిపోయేది. నోరు తెరిచినాను కూడా. ఆడవాళ్ల వైపు వరసలో నా భార్య తల వంచుకుని కూర్చుని ఉంది. పాప నన్ను చూసి నవ్వింది. నేను నోరు మూసుకుని చేతులు జోడించినాను. ఆరాధన అయినాక అందరూ వచ్చి చేతులు పట్టుకున్నారు.

పదిహేను రోజుల తర్వాత చిత్తూరు పెద్దాసుపత్రికి పోయినాను. నా భార్య పొమ్మనింది, తను కూడా వస్తానంది. నేనొక్కణ్నే పోయినాను. మోకాలి కింద కాలు తీసేసినారు. మంచం మీద ఆనుకుని కూర్చుని ఉంది ఆమె. నన్ను చూసి గుర్తు పట్టి, రెండు చేతులు ఎత్తి దండం పెట్టింది. పక్కమంచంలో ఉన్నామెతో అరవంలో చెప్పింది, ఈ సామి గుడిలోనే నాకు కట్టు కట్టినారని. నేను తీసుకపోయిన అరటిపండ్లు మంచం మీద పెట్టి, తొందరగా వచ్చేసినాను. ఎట్లుండారని కూడా అడగలేదు.

ఆ తర్వాత నేను సిద్ధపాటు మీద వాక్యం చెప్పలేదు. ఎవరూ గమనించలేదు. కొట్టం పడగొట్టేసినారు, బడి గుడిలోనే జరిగింది, కొన్నేండ్లకు గవర్నమెంటువాళ్లు వేరే బిల్డింగు కట్టించినారు. పటం ఒకటి కొత్తది వచ్చింది. దాన్ని నేను గోడకు తగిలించలేదు, బల్ల మీద పరిచి పిల్లోలకు చూపించేవాణ్ని.

ఎనిమిదేండ్లు గడిచినాయి. ఒక ప్రభురాత్రి భోజనం రోజున రొట్టె అందుకునేదానికి లేవలేకపోయినాను. ముందు వారం పక్క పల్లెలో పెద్దవాన కురిసి ఒక ఇల్లు కూలింది, మావాళ్లు దాని గురించి మాట్లాడుకుంటా ఉండిరి. ఆ రోజు ఆరాధన తర్వాత పాస్టరు గారిని పక్కకు పిలిచి బీగంచెవి సంగతి చెప్పినాను. అప్పటికి పాస్టరు గారు మారినారు, ఈయన కుర్రాయన. ఓపిగ్గా విని, తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసి, దేవుడు క్షమించేసినాడు, మనసులో పెట్టుకోవద్దన్నారు. ఇంటికి వచ్చి పాస్టరు గారన్న మాట నా భార్యకు చెప్పినాను. తేలికైనట్టు చెప్పినాను అనుకుంటాను.

ఆమె బియ్యంలో రాళ్లు ఏరుతా ఉండింది. చేట కింద పెట్టింది.

"దేవుడు సరే," అనింది. "ఆ ముసిలామె?"

నేను ఆసుపత్రికి పోయొచ్చినాక ఎనిమిదేండ్లలో ఆ సంగతి ఆమె నోటి నుంచి రావడం అదే మొదలు.

దసరా సెలవుల్లో ఇద్దరం బస్సెక్కి చిత్తూరు, అక్కడి నుంచి గుడియాత్తం పోయినాం. పల్లె పేరు ఆ రోజు ఆసుపత్రి వాకిట్లో కనిపించిన ఆమె కొడుకు చెప్పింది గుర్తుంది. అడిగి అడిగి ఇల్లు కనుక్కున్నాం. వాళ్లు పెద్దింటివాళ్లు ఏమీ కాదు. ఊరి బయట కాలనీలో చిన్న పెంకుటిల్లు. ఆమె తిన్నె మీద ఒక కాలు చాచుకుని, ఒళ్లో చేట పెట్టుకుని బీడీలు చుడతా ఉండింది. చెవులు ఇంకా జారిపోయినాయి. చేతులు మాత్రం ఆగకుండా కదులుతా ఉండినాయి.

నా భార్యను మొదట గుర్తు పట్టింది. కట్టు కట్టిన చేతులు మరిచిపోతానా అనింది. కోడలిని పిలిచి మజ్జిగ ఇప్పించింది. నేను తిన్నె కింద నిలబడే, దారిలో అన్నిసార్లు మనసులో సరిచేసుకున్న మాటలు చెప్పినాను. ఆ రోజు బీగంచెవి నా జేబులోనే ఉండిందని, అబద్ధం చెప్పినానని, మీ కాలు పోయింది నా వల్లనేనని, మన్నించమని.

ఆమె చుడుతున్న బీడీకి దారం చుట్టి, తెంపి, చేటలో వేసింది.

"తెలుసు సామీ," అనింది. "చొక్కా తడిసిపోయుండె. జేబులో అది అచ్చు పడినట్టు కనిపిస్తా ఉండె. పెద్ద బీగంచెవి."

ఆసుపత్రిలో దండం పెట్టిందే, అప్పుడు కూడా ఆమెకు తెలుసు.

"వాళ్ల కోయిల్, వాళ్ల ఇష్టం అనుకున్నా. మమ్మల్ని మా ఊరి కోయిల్లోనే రానియ్యరు. నీది కొత్త కోయిల్, నీకేం ఇబ్బందో అనుకున్నా." ఇంకొక ఆకు తీసుకుని కత్తెరతో కత్తిరించింది. తర్వాత తలెత్తింది. "అది పోనీ. ఒకటి అడగాలని నాకు చాన్నాళ్లుగా ఉండాది. ఆ గోడ పడేట్టుందని నీకు తెలుసా?"

నేను ఆ ప్రశ్నకు సిద్ధపడి పోలేదు. ఎనిమిదేండ్లు నేను మోసింది బీగంచెవినే. పాస్టరు గారి దగ్గర దించుకున్నదీ దాన్నే. గోడను మాత్రం ప్రార్థనలో కూడా ఎత్తలేదు. తెలీదంటే అయిపోయేది. వానకు మట్టిగోడలు పడతాయి, అందరికీ తెలిసిందే. పక్కన నా భార్య మజ్జిగ గ్లాసు పట్టుకుని, ఆమెకు అట్లాంటి అనుమానమే లేనట్టు కూర్చుని ఉంది. ముసిలామె చేతులు ఆగిపోయినాయి.

"తెలుసమ్మా," అన్నాను. "బీటిచ్చి ఉండింది. పటం కప్పి పెట్టినాను."

నా భార్య గ్లాసు తిన్నె మీద పెట్టింది. ముసిలామె నన్ను కాసేపు చూసింది. తిట్టలేదు, ఏడవలేదు. మన్నించినానని కూడా అనలేదు. తల వంచుకుని మళ్లీ పనిలో పడింది. మా ముగ్గురి మధ్య కత్తెర చప్పుడు ఒకటే. కొంచెం సేపటికి కోడలు వచ్చి బస్సు టైమైందని చెప్పింది. పోయొస్తామని చెబితే ముసిలామె నా భార్యకు మాత్రం తలూపింది.

తిరుగు బస్సులో పక్కపక్కనే కూర్చున్నాం. చిత్తూరు వచ్చేదాకా నా భార్య కిటికీలోంచి బయటికే చూస్తా ఉండింది. ఊరు కనబడేటప్పుడు ఇటు తిరిగింది.

"ఎన్నాళ్లు?" అని అడిగింది.

ఏది ఎన్నాళ్లని అడగాల్సిన పని లేదు. ఆడి నెల నుంచి పెరటాసి నెల దాకా అన్నాను. రెండు నెలలు.

"మన పాప ఆ కొట్టంలోనే గదా కూర్చునేది."

అవును. పాపను నేనే చెయ్యి పట్టుకుని తీసుకపోయేవాణ్ని. ఉత్తరపు గోడ వైపు కూర్చోబెట్టినానని చెప్పబోయినాను. దూలం ఎక్కడి నుంచి జారిందో గుర్తొచ్చి ఆగిపోయినాను. పాప ఒక్కతే కాదు, నలభై మంది పిల్లోలు. వాళ్ల తల్లులు పొద్దున్నే కూలికి పోతా నన్ను నమ్మి వదిలిపెట్టి పోయినవాళ్లు. దేవుని కోసం గోడలకు సున్నం కొట్టిస్తా, పిల్లోల మీద పడబోయే గోడకు పటం కప్పినాను. సిద్ధపడటం గురించి వారం వారం చెప్పింది ఆ నోటితోనే.

వారం రోజులు ఇంట్లో ఆమె నాతో అవసరమైనంత వరకే మాట్లాడింది. ఆ వచ్చే ఆదివారం వాక్యం చెప్పే పూట, ముందరికి పోయి, ఏ వాక్యమూ చదవకుండా రెండూ చెప్పినాను. బీగంచెవీ, గోడా. బిషప్పు గారు నిలబెట్టిన రోజు నేను నోరు మూసుకున్న సంగతీ. ఆ నలభై మందిలో కొంతమంది అప్పటికి పెండ్లీడుకు వచ్చి, ఎదురుగానే కూర్చుని ఉన్నారు. వాళ్లలో ఒకడు లేచి బయటికి పోయినాడు. వాడు మళ్లీ నాతో మాట్లాడేదానికి మూడేండ్లు పట్టింది.

కార్యదర్శి పని వదులుకుంటున్నానని చెప్పి కూర్చున్నాను. కొంచెం సేపటికి వెనక వరసలో నుంచి, ఆ రోజు దూలం లేపిన నలుగురిలో ఒక పెద్దాయన లేచినాడు. కొట్టం వెనక మేకలు కట్టేసేవాళ్లం గదా, బయటి వైపు నుంచి ఆ బీట మేమూ చూసినాం అన్నాడు. "నీ ఒక్కడి తప్పు కాదు అయివారా. గుడి అయ్యేదాకా ఊరుకుందామని మేము కూడా అనుకున్నాం."

ఆ మాట నాకు ఊరట కావాలని చెప్పినాడో, నిజంగానే చూసినారో నాకు ఇప్పటికీ తెలీదు. ఇంటికి పోతా దారిలో నా భార్యను అడిగితే, చూసే ఉంటారు అనింది. చూసినా, పిల్లోల్ని వాళ్లు కూర్చోబెట్టలేదు. బడి తెరిచేవాణ్ని నేను. ఆయన మాట మంచిదే గానీ, దాన్ని నేను తీసుకోలేదు.